44 టన్నుల లెక్క

అమెరికాలో టన్నంటే 2,000 పౌన్లు. ఆ లెక్కన 44 టన్నులంటే 88,000 పౌన్లు. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ 1940లో తయారీ మొదలుపెట్టిన చిన్న డీజిల్ రైలింజను తూకం అది. ఇంకొక్క టన్ను పెరిగితే 90,000 పౌన్లు అవుతుంది. చిక్కంతా అక్కడే.

1937లో అక్కడి రైల్వే కంపెనీలకూ కార్మిక సంఘాలకూ ఒక ఒప్పందం కుదిరింది. ఇంజనును నడిపే చక్రాల మీద 90,000 పౌన్లో అంతకు మించో బరువు పడితే, డీజిల్ ఇంజనైనా సరే, డ్రైవరు పక్కన ఫైర్‌మన్ ఉండి తీరాలి. బొగ్గు పొయ్యి పోయినంత మాత్రాన దాన్ని చూసుకునే మనిషి కూడు పోకూడదన్నది సంఘాల పట్టుదల. ఒక్క మనిషి జీతంతో పని గడవాలన్నది చిన్న రైల్వేల అవసరం. ఈ రెంటి మధ్య పుట్టిన అంకె 44. ఒక యంత్రం బరువును శాస్త్రం కన్నా జీతాల బేరం ఇంత కచ్చితంగా తేల్చిన సందర్భం అరుదు.

సొంత పట్టాల మీద సొంత సరుకు లాగుకొనే ఫ్యాక్టరీలకు ఆ నిబంధన వర్తించేది కాదు. వాటి లెక్క వేరు. మన రైల్వేవాళ్లు షంటింగ్ అనే పనిని అమెరికన్లు స్విచింగ్ అంటారు. కాగితం మిల్లులోనో సున్నపురాయి క్వారీలోనో ఆ పని రోజుకు కొన్ని గంటలే. ఖాళీ వ్యాగన్లను తొట్టి కిందికి తోయాలి, నిండాక కాటా మీదికి లాగాలి, తర్వాత మెయిన్ లైను వాళ్లకు అప్పజెప్పాలి. ఆ కాస్త పనికి ఆవిరి ఇంజనైతే తెల్లవారకముందే నిప్పు రాజేయాలి. నీళ్లు పట్టాలి, బాయిలరు కడగాలి. నిప్పురవ్వల భయమున్న చోట్ల పొయ్యి లేని ఆవిరి ఇంజన్లు వాడేవారు. ఫ్యాక్టరీ బాయిలరు నుంచి ఆవిరి నింపుకొని, అది తగ్గేదాకా నడిచి, మళ్లీ నింపుకోవడానికి వచ్చేవి. డీజిలుకు ఈ తంటాలేవీ లేవు. పని ఉంటే స్టార్టు చేయడం, అయిపోతే ఆపేయడం.

ఒహాయో రాష్ట్రంలోని ప్లిమత్ అనే చిన్న ఊరు ఈ కథలో ముందే చేరింది. అక్కడి జె.డి. ఫేట్ కంపెనీ మొదట ఇటుకలకు మట్టిని అచ్చుపోసే యంత్రాలు చేసేది. 1910 ప్రాంతంలో పెట్రోలు ఇంజన్లతో చిన్న లోకోమోటివ్‌లు మొదలుపెట్టింది. తర్వాత ఫేట్-రూట్-హీత్‌గా మారి 1930లలో సిల్వర్ కింగ్ ట్రాక్టర్లూ చేసింది. మట్టి పనిలో పుట్టిన కంపెనీ కనుకనే, బురదలో, వంకర పట్టాల మీద ఏ ఇంజను నిలబడుతుందో దానికి బాగా తెలిసి ఉంటుంది. విట్‌కూంబ్, డావెన్‌పోర్ట్, పోర్టర్, వల్కన్ కూడా ఈ బజారులో పోటీపడ్డాయి.

ఈ చిన్న డీజిల్ రైలింజన్ల ఆయుష్షుకు అసలు కారణం లోపలి గుండె. జనరల్ ఎలక్ట్రిక్ వారి 25 టన్నుల ఇంజనులో ఉన్నది 150 అశ్వశక్తి కమిన్స్ ఇంజను. 44 టన్నుల దానిలో సాధారణంగా రెండు క్యాటర్‌పిల్లర్ ఇంజన్లు. లారీలూ బుల్‌డోజర్లూ బాగుచేసే మెకానిక్‌కు అవి కొత్త కాదు. మారుమూల క్వారీకి అంతకన్నా భరోసా ఏముంటుంది? 45 టన్నుల రకాల్లో కొన్నిటికి చక్రాలను కలుపుతూ, ఆవిరి ఇంజన్లకు ఉన్నట్టే, ఇనుప కడ్డీలు కూడా ఉండేవి.

44 టన్నుల రకం తయారీ 1956లో ఆగింది. 25 టన్నులది 1974 దాకా సాగింది. ఈలోగా సరుకు లారీల పాలైంది. 1948లో వైటింగ్ కార్పొరేషన్ తెచ్చిన ట్రాక్‌మొబైల్ రోడ్డు మీదా పట్టాల మీదా నడుస్తూ మిగిలిన పనిలో వాటా తీసుకుంది. మిల్లులు వదిలేసిన ఇంజన్లలో చాలా వరకు తుక్కుకు పోయాయి. కొన్ని మాత్రం రైల్వే మ్యూజియాలకు చేరాయి. అక్కడ నిప్పు చల్లారిన పెద్ద ఆవిరి ఇంజన్లను షెడ్డులోంచి ఎండలోకి లాక్కొచ్చేది తరచూ ఈ చిన్నవే.