జీనోమ్ వ్యాలీ టీకాలు: వివాదాల చరిత్ర

హైదరాబాద్‌కు ఉత్తరాన మేడ్చల్, శామీర్‌పేట పరిసరాల్లో తయారైన టీకాల చుట్టూ 1990ల చివరి నుంచి వాదోపవాదాలు నడుస్తున్నాయి. వీటిలో హెపటైటిస్-బి, రోటావైరస్, కొవిడ్ టీకాల మీద జరిగినవి ముఖ్యమైనవి. వాదించిన వైద్యులు, శాస్త్రవేత్తలు, ఆరోగ్య కార్యకర్తలలో ఎక్కువమంది టీకాలనే కాదన్నవారు కారు. ఎంత ఆధారం ఉంటే సరిపోతుంది, అది ఎప్పటికి చేతికి రావాలి, ఎవరెవరికి చూపాలి అన్నచోటే పక్షాలు విడిపోయాయి.

ప్రాంతం, పరిశ్రమ

మేడ్చల్ నాగపూర్ వైపు వెళ్లే జాతీయ రహదారి మీద, శామీర్‌పేట కరీంనగర్ వైపు వెళ్లే రాజీవ్ రహదారి మీద ఉన్నాయి. 2016 అక్టోబర్ 11న జరిగిన జిల్లాల పునర్విభజన వరకు రెండూ రంగారెడ్డి జిల్లాలో ఉండేవి; ఇప్పుడు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఉన్నాయి. ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు కె.ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో శాంతా బయోటెక్నిక్స్‌ను స్థాపించారు. తొలి పరిశోధన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, ఆ తర్వాత హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ ఆవరణలో సాగింది. కర్మాగారం మేడ్చల్ దగ్గర అత్వెల్లిలో వెలిసింది. కృష్ణ ఎల్లా, సుచిత్ర ఎల్లా దంపతులు 1996లో భారత్ బయోటెక్‌ను ప్రారంభించారు. 1999లో శామీర్‌పేట మండలం తుర్కపల్లి దగ్గర ఐసీఐసీఐ నాలెడ్జ్ పార్కుకు రూపం వచ్చింది. ఆ చుట్టుపక్కల ప్రాంతానికే జీనోమ్ వ్యాలీ అన్న పేరు స్థిరపడింది. 1953 నాటి బయొలాజికల్-ఇ సంస్థ కూడా తర్వాత ఇక్కడ ఉత్పత్తి కేంద్రం నెలకొల్పింది.

హెపటైటిస్-బి: ధర తగ్గాక అవసరం మీద చర్చ

శాంతా సంస్థ 1997 ఆగస్టులో విడుదల చేసిన శాన్‌వ్యాక్-బి, దేశంలో జన్యు పునస్సంయోజన పద్ధతిలో తయారైన తొలి హెపటైటిస్-బి టీకా. అంతవరకు దిగుమతి టీకా డోసుకు వందల రూపాయలు పెట్టవలసి వచ్చేది. దేశీయ టీకా వచ్చాక, ఇతర సంస్థలు పోటీకి దిగాక ధర పడిపోయింది. పెద్ద ఎత్తున కొనే ప్రభుత్వాలకు, అంతర్జాతీయ సంస్థలకు డోసు డాలరు కంటే తక్కువకే దొరికింది. కామెర్లు అనగానే పసరు మందు కోసం పరుగెత్తే ఇళ్లలో కూడా హెపటైటిస్-బి అన్న మాట వినిపించసాగింది.

ధర అందుబాటులోకి రావడంతో చర్చ అవసరం వైపు మళ్లింది. ఈ వైరస్ ఎయిడ్స్ వైరస్ కంటే ఎన్నో రెట్లు తేలికగా అంటుకుంటుందన్న ప్రచారంతో పట్టణాల్లో, బడుల్లో టీకా శిబిరాలు జరిగాయి. ఆ పోలికలో నిజం ఉన్నా, భయపెట్టి అమ్మడం తగదని విమర్శకులు అన్నారు. దేశంలో వైరస్ వాహకులు ఎంతమంది అన్న లెక్క మీద కూడా వాదం నడిచింది. నూటికి నాలుగైదుగురు అన్న అంచనా ఎక్కువ చేసి చెప్పినదని ఒక వర్గం వాదించింది. ఢిల్లీ పిల్లల వైద్యుడు జాకబ్ పులియేల్, సహచరులు 2007లో ప్రచురించిన సమీక్షలో ఆదివాసీయేతర జనాభాలో ఇది 2.4 శాతమని, ఆదివాసుల్లో 15.9 శాతమని తేలింది.

టీకా ఎప్పుడు వేయాలన్నది మరో చిక్కు. పుట్టుకతో తల్లి నుంచి వైరస్ సోకిన శిశువుల్లో నూటికి 90 మంది వరకు దీర్ఘకాల వాహకులుగా మిగిలిపోతారు. అలాంటప్పుడు ఆరో వారంలో వేసే టీకాతో ఆ బిడ్డలకు ఒరిగేదేమిటని విమర్శకులు అడిగారు. టీకాను సమర్థించినవారిది వేరే లెక్క. తల్లి నుంచి కాక, పసితనంలో ఇతరుల నుంచి సోకే కేసులు కూడా చాలా ఉంటాయని, వాటిని ఆరో వారం టీకా ఆపగలదని వారి వాదన. ప్రభుత్వ టీకా కార్యక్రమంలో ప్రయోగాత్మకంగా 2002–03లో మొదలైన హెపటైటిస్-బి టీకా 2011 నాటికి దేశమంతటికీ విస్తరించింది. పుట్టిన 24 గంటల్లోపు వేసే డోసు కూడా జాతీయ కార్యక్రమంలో చేరింది. విమర్శ టీకాను ఆపలేదు కానీ, దాన్ని వేసే వేళ మీద దృష్టి నిలిపింది.

శాంతా సంస్థను 2009లో ఫ్రెంచి కంపెనీ సనోఫీ కొనుగోలు చేసింది. ఆ సంస్థ తయారు చేసే ఐదు వ్యాధుల ఉమ్మడి టీకా షాన్-5లో తెల్లటి తరకలు కనిపించడంతో 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని తన ఆమోదిత జాబితా నుంచి తీసివేసింది. 2014లో తిరిగి చేర్చింది.

ఖమ్మం ఉదంతం

జీనోమ్ వ్యాలీతో నేరుగా సంబంధం లేకపోయినా, తెలుగు నేల మీద టీకా ప్రయోగాల చర్చను మలుపు తిప్పిన ఘటన ఖమ్మం జిల్లాలో జరిగింది. పాత్ అనే అంతర్జాతీయ ఆరోగ్య సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి 2009 జులైలో అక్కడ సుమారు 14 వేల మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టాయి. వారిలో ఆశ్రమ పాఠశాలల్లో చదివే గిరిజన బాలికలు చాలామంది ఉన్నారు. కొందరు బాలికలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని నిలిపివేశారు. ఆ మరణాలకు టీకా కారణమన్న ఆధారం విచారణలో దొరకలేదు. కానీ తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు అంగీకార పత్రాల మీద సంతకాలు చేసిన సంగతి బయటపడింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ తీరును తీవ్రంగా తప్పుబట్టింది. టీకా సురక్షితమైనా వేసిన పద్ధతి తప్పు కావచ్చునని ఈ ఉదంతం చూపింది. క్లినికల్ ప్రయోగాల నిబంధనలు కూడా అదే ఏడాది కఠినమయ్యాయి.

రోటావ్యాక్: సగం రక్షణ చాలునా?

ఢిల్లీలోని ఎయిమ్స్‌లో 1980లలో నవజాత శిశువుల నుంచి సేకరించిన 116ఇ అనే రోటావైరస్ రకం నుంచి భారత్ బయోటెక్ రోటావ్యాక్ టీకాను రూపొందించింది. డోసు ఒక డాలరుకే ఇస్తామని ముందే ప్రకటించింది. 2014లో వైద్య పత్రిక లాన్సెట్ ప్రచురించిన మూడో దశ ఫలితాల ప్రకారం, ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది శిశువులపై జరిగిన ప్రయోగంలో తీవ్రమైన రోటావైరస్ విరేచనాల నుంచి సుమారు 54 శాతం రక్షణ కనిపించింది. 2015 మార్చి 9న ప్రధాని నరేంద్ర మోదీ దీన్ని విడుదల చేశారు. 2016లో ఆంధ్రప్రదేశ్ సహా నాలుగు రాష్ట్రాల్లో వాడకం మొదలైంది.

ఏటా దేశంలో సుమారు 78 వేల మంది పిల్లలు రోటావైరస్‌తో చనిపోతున్నారన్న అంచనాను చూపి, సగం రక్షణ అయినా వేల ప్రాణాలు నిలుపుతుందని సమర్థకులు వాదించారు. శుభ్రమైన నీరు, ఓఆర్‌ఎస్ అందని చోట టీకా ఒక్కటే ఏం చేస్తుందని మరికొందరు ప్రశ్నించారు. పేగు పేగులోకి జారి ఇరుక్కునే ప్రమాదం గురించిన భయం కూడా ఉండేది. ఈ కారణంతోనే అమెరికాలో 1999లో రోటాషీల్డ్ అనే పాత టీకాను ఉపసంహరించారు. అందువల్ల రోటావ్యాక్ ప్రయోగ సమాచారాన్ని కేంద్రాలవారీగా విడదీసి బయటపెట్టాలని విమర్శకులు పట్టుబట్టారు. వ్యవహారం న్యాయస్థానం దాకా వెళ్లింది. 2018 జనవరిలో ఈ టీకాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం దక్కింది.

కొవాగ్జిన్: అనుమతి ముందు, అంకెలు వెనుక

వివాదాలన్నిటిలోకి పెద్దది కొవిడ్ టీకా కొవాగ్జిన్ మీద నడిచింది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ వేరు చేసిన వైరస్‌ను నిర్వీర్యం చేసి, ఐసీఎంఆర్‌తో కలిసి భారత్ బయోటెక్ ఈ టీకాను తయారు చేసింది. 2020 జులై 2 తేదీతో ఐసీఎంఆర్ అధిపతి బలరాం భార్గవ ప్రయోగ కేంద్రాలకు రాసిన లేఖలో ఆగస్టు 15 నాటికి టీకాను తేవాలని ఉండటం దుమారం రేపింది. ఆ గడువు అసాధ్యమని భారతీయ విజ్ఞాన శాస్త్ర అకాడమీ హెచ్చరించింది. మొదటి దశ కేంద్రాల్లో హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి ఒకటి. నవంబర్ 28న ప్రధాని హకీంపేటలో దిగి జీనోమ్ వ్యాలీకి వచ్చి పనిని చూశారు. డిసెంబర్ 9న అరవై మందికి పైగా విదేశీ రాయబారులు వచ్చారు.

మూడో దశలో 25,800 మందిని చేర్చుకునే పని నడుస్తుండగానే, 2021 జనవరి 3న ఔషధ నియంత్రణాధికారి వి.జి. సోమాని అత్యవసర పరిస్థితిలో ‘క్లినికల్ ట్రయల్ పద్ధతి’లో వాడకానికి అనుమతి ప్రకటించారు. ఈ మాటలకు అర్థం ఏమిటన్నది చాలామందికి బోధపడలేదు. ఆచరణలో టీకా వేయించుకునేవారు అంగీకార పత్రం మీద సంతకం పెట్టవలసి వచ్చేది. తీవ్ర దుష్ఫలితం వస్తే కంపెనీ పరిహారం ఇవ్వవలసి ఉండేది. అయితే అప్పుడు దేశంలో అనుమతి ఉన్న రెండు కొవిడ్ టీకాల్లో ఏది కావాలో ఎంచుకునే వీలు ఉండేది కాదు.

రెండు పక్షాలూ బలమైన వాదనలు ముందుకు తెచ్చాయి. నిర్వీర్య వైరస్ పద్ధతి దశాబ్దాలుగా తెలిసినదేనని, తొలి దశల్లో భద్రత, యాంటీబాడీలు కనిపించాయని, మహమ్మారిలో ఆలస్యానికి ప్రాణాలతో మూల్యం చెల్లించాలని అనుమతిని సమర్థించినవారు అన్నారు. యాంటీబాడీలు పుట్టడం ఒకటి, జబ్బు రాకుండా ఆపడం మరొకటి అని వ్యతిరేకులు బదులిచ్చారు. సామర్థ్యం ఇంతని చెప్పే ఒక్క అంకె కూడా లేకుండా అనుమతించడం టీకాల మీద జనం నమ్మకాన్నే దెబ్బ తీస్తుందన్నారు. వైరాలజిస్టు గగన్‌దీప్ కాంగ్, ఎంపీ శశి థరూర్, ఆరోగ్య హక్కుల సంఘాలు ఈ వైపు మాట్లాడారు. జనవరి 4న కృష్ణ ఎల్లా విలేకరుల ముందుకు వచ్చి తమ సంస్థ అనుభవాన్ని ఏకరువు పెట్టారు. జనవరి 16న దేశవ్యాప్తంగా టీకాలు మొదలైనప్పుడు వైద్య సిబ్బందిలోనే కొందరు వెనకాడారు. మార్చి 1న ప్రధాని కొవాగ్జిన్ వేయించుకున్నారు. మధ్యంతర ఫలితాలు మరో రెండు రోజులకు వచ్చాయి.

ఆ ఫలితాల్లో కొవిడ్ సోకిన 43 మందిలో 36 మంది ఉత్తుత్తి సూది పడినవారు, ఏడుగురు టీకా పడినవారు, అంటే 80.6 శాతం రక్షణ. తర్వాత ‘ట్రయల్ పద్ధతి’ షరతు తీసేశారు. నవంబర్‌లో లాన్సెట్ ప్రచురించిన తుది లెక్కలో 130 కేసులకు 24 టీకా పడినవారివి, 106 ఉత్తుత్తి సూది పడినవారివి, రక్షణ 77.8 శాతంగా తేలింది. డెల్టా రకం మీద అది 65.2 శాతం. నవంబర్ 3న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర వినియోగ జాబితాలో చేర్చింది. అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్లాలని ఎదురుచూస్తున్న తెలుగు తల్లిదండ్రులకు ఆ జాబితాలోని టీకాలను అమెరికా అంగీకరించడంతో ఈ నిర్ణయం నవంబర్ 8 నుంచి దారి తెరిచింది.

కథ అక్కడితో ముగియలేదు. బ్రెజిల్ చేసుకున్న 2 కోట్ల డోసుల ఒప్పందం అక్కడి రాజకీయ దుమారంలో చిక్కి 2021 జూన్‌లో నిలిచిపోయింది. 2022 మార్చిలో జరిపిన తనిఖీలో తయారీ పద్ధతుల్లో లోపాలు కనబడ్డాయని, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏప్రిల్ 2న ఐక్యరాజ్యసమితి సంస్థల ద్వారా సరఫరాను ఆపింది.

అంకెలు చూపవలసిన బాధ్యత విమర్శకుల మీద కూడా పడింది. 2024లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొవాగ్జిన్ తీసుకున్న 926 మందిని ఫోన్‌లో ప్రశ్నించి, దుష్ప్రభావాలపై వ్యాసం వెలువరించారు. టీకా తీసుకోనివారితో పోల్చలేదని, కాబట్టి ఆ ఇబ్బందులకు టీకాయే కారణమని చెప్పలేరని ఐసీఎంఆర్ అభ్యంతరం చెప్పింది. భారత్ బయోటెక్ హైదరాబాద్‌లో పరువునష్టం దావా వేసింది. సెప్టెంబర్‌లో దాన్ని ప్రచురించిన శాస్త్ర పత్రిక ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది. పరిశోధకుల మీద కోర్టుకెక్కడం భావి విమర్శను భయపెడుతుందని పలువురు శాస్త్రవేత్తలు నిరసించారు.

సుప్రీంకోర్టు తీర్పు

హెపటైటిస్-బి కాలం నుంచి అంకెలు అడుగుతూ వచ్చిన జాకబ్ పులియేల్ కొవిడ్ టీకాల మీద సుప్రీంకోర్టుకు వెళ్లారు. న్యాయమూర్తులు ఎల్. నాగేశ్వరరావు, బి.ఆర్. గవాయి ధర్మాసనం 2022 మే 2న తీర్పు చెప్పింది. ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదని, శరీరం మీద హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమని పేర్కొంది. టీకా వేసుకోనివారిపై ఆంక్షలు పెట్టే అధికారం ప్రభుత్వానికి ఉందని, అయితే అవి పరిస్థితికి తగినంతగానే ఉండాలని, అప్పటికి ఉన్న ఆంక్షలు ఆ కొలతకు నిలవవని చెప్పింది. ప్రభుత్వ టీకా విధానాన్ని మాత్రం తప్పుపట్టలేదు. ప్రయోగాల ఫలితాలు ప్రచురించాలని, దుష్ఫలితాలను ప్రజలు, వైద్యులు నేరుగా నమోదు చేసేందుకు ఏర్పాటు చేయాలని ఆదేశించింది. టీకా కావాలన్నవారూ, ఆగమన్నవారూ ఈ తీర్పులో తమకు అనుకూలమైన భాగాన్ని చూపుతూ వస్తున్నారు.