పాకబడిలో ఏడు రోజులు

తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలుగా చరిత్రకారులు చెప్పేవి వెలువడింది జర్మనీలోని హాలె పట్టణంలో, 1746లో. మద్రాసులో ఏళ్ల తరబడి ఉండి తెలుగు నేర్చుకున్న బెంజమిన్ షుల్జ్ అనే లూథరన్ మిషనరీ స్వదేశం వెళ్లాక వాటిని అచ్చు వేయించాడు. అందులో ఒకటి మార్టిన్ లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకానికి తెలుగు. పిల్లలకూ ఇంటి పనివాళ్లకూ ఇంటి పెద్ద కూర్చోబెట్టి నేర్పడానికి లూథర్ దాన్ని రాశాడు. పది ఆజ్ఞల్లో ఒక్కొక్కటే చెప్పించడం, దాని అర్థం అడగడం, పిల్లవాడు నోరు విప్పి జవాబు చెప్పడం. పుస్తకమంతా ఇదే వరస. నూరేళ్లు దాటాక ఈ వరస గోదావరి జిల్లా మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో తాటాకు పాకల కిందికి చేరింది. అర్థం చెప్పమని ఆ పిల్లల్ని అంతకుముందు ఎవరూ అడిగి ఉండరు.

గుంటూరుకు జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ 1842 జులై 31న వచ్చాడు. జర్మనీలో పుట్టి కుర్రతనంలోనే అమెరికా చేరినవాడు. సండే స్కూళ్లు పెట్టిస్తూ అక్కడ ఊరూరా తిరిగిన అలవాటు ఉంది కాబట్టి, గుంటూరులోనూ బడులతోనే మొదలుపెట్టాడు. అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్స్ అండగా నిలిచాడు. రాజమండ్రిలో ఉత్తర జర్మనీ మిషన్ వాళ్లు 1845 నుంచి పనిచేస్తూ వచ్చి, కొద్ది ఏళ్లకే డబ్బు చాలక ఆ పనిని అమెరికన్ లూథరన్లకు అప్పగించారు. 1869లో అదీ చేతులు మారిపోబోతుంటే, డెబ్బై ఆరేళ్ల హేయర్ మూడోసారి సముద్రం దాటి వచ్చి నిలబెట్టాడు. 1870లో హెచ్.సి. ష్మిట్ వచ్చి ఆ భారం భుజానికెత్తుకున్నాడు. తెలుగువాళ్లయిన తోట జోసెఫ్, నేలప్రోలు పౌలుస్ 1878లో పాస్టర్లుగా అభిషేకం పొందారు. గుంటూరు, రాజమండ్రి మిషన్లు కలిసి 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘంగా ఏర్పడ్డాయి. ఆ సంఘాన్నే మనం ఏఈఎల్‌సీ అంటున్నాం.

కోనసీమ పాఠకులకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. గోదావరి ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠలుగా చీలిన తర్వాత, ఆ రెండు పాయల నడుమ మిషన్ బడి అంటే ఎక్కువగా నరసాపురం వైపు నుంచి వచ్చిన గోదావరి డెల్టా మిషన్ బడే. 1836లో వచ్చిన బౌడెన్, బీర్ దంపతుల పని అది. బ్రదరన్ సమాజం వాళ్లది. నరసాపురం, పాలకొల్లు, అమలాపురం వాళ్ల ఠాణాలు. లూథరన్ల పట్టు రాజమండ్రి నుంచి ఎగువనా, మెట్ట వైపునా. సంఘం పేరు వేరైనా పాక ఒకటే రకం, పలక ఒకటే రకం, పిల్లలు వచ్చిన పల్లెలూ ఒకటే రకం. కనుక డెల్టా తలకాయ దగ్గరి లూథరన్ బడిలో గడిచిన వారాన్ని చెబితే అమలాపురం, రాజోలు వాళ్లు తమ తాతల బడిని అందులో గుర్తుపడతారు.

1920ల చివర ఒక వారం అనుకుందాం. ఏ ఒక్క ఊరి బడీ కాదు. ఒంటి ఉపాధ్యాయుడితో నడిచిన పల్లె బడులన్నిటికీ వర్తించే వారం.

సోమవారం పొద్దున్న పంతులుగారికి బడిలో కంటే పల్లెలో పని ఎక్కువ. ఇంటింటికీ తిరిగి పిల్లల్ని పోగు చెయ్యాలి. ఎనిమిది, పదేళ్ల మగపిల్లలు కామందు పశువుల వెంట పోయి ఉంటారు. ఆడపిల్లలు చంటిపిల్లల్ని ఎత్తుకుని ఇళ్ల దగ్గర ఉంటారు. పసివాణ్ణి చంకనేసుకునే వస్తానంటే పంతులుగారు కాదనేవారు కాదు. హాజరు తగ్గితే సర్కారు గ్రాంటుకు కోత పడుతుంది; గ్రాంటు తగ్గితే బడికి ముప్పు. ఈ గ్రాంట్ల కథ 1854 నాటి ఉడ్ తాఖీదుతో మొదలైంది. మద్రాసు రాజధానిలో చాలాకాలం ఫలితాలను బట్టి చెల్లించే పద్ధతి నడిచింది. ఇనస్పెక్టరు వచ్చి ఒక్కో పిల్లవాణ్ణీ చదివించి, రాయించి, లెక్క చేయించి, ప్యాసైన తలకింత అని లెక్కగట్టేవాడు. ఆ పద్ధతి పోయాక కూడా ఇనస్పెక్టరు భయం పోలేదు.

వేలాడదీసిన రైలుపట్టా ముక్క మీద గూటంతో కొడితే అదే గంట. పిల్లలు వరసగా నిలబడి కీర్తన పాడతారు. పురుషోత్తమ చౌదరి రాసిన కీర్తనలు సంఘభేదం లేకుండా తెలుగు క్రైస్తవులందరివీ అయిపోయాయి. తర్వాత ప్రార్థన, ఆ వెంటనే ప్రశ్నోత్తరాలు. చదవడం రాని పిల్లవాడు కూడా పుస్తకం సగం నోటికి చెప్పగలిగేవాడు. ఇది ఉత్త బట్టీ అని విమర్శించినవాళ్లు ఆ రోజుల్లోనే ఉన్నారు. విమర్శలో నిజం ఉంది. కానీ ఊరి నడిమధ్య వీధి అరుగు మీద నడిచిన బడీ బట్టీతోనే నడిచింది. 1832లో తొలిసారి అచ్చయిన బాలశిక్షను అక్కడి పిల్లలు వల్లెవేసినట్టే ఇక్కడివాళ్లు ప్రశ్నోత్తరాలు వల్లెవేశారు. తేడా ఏమిటంటే ఆ అరుగు ఎక్కే హక్కు వీళ్లకు లేదు.

తర్వాత అక్షరాలు. కొత్తగా చేరినవాళ్లు ఇసుకలో వేలితో దిద్దుతారు. కాస్త ముదిరినవాళ్లకు పలక, బలపం. రాతిపలక కొనలేనివాళ్లకు చెక్కపలకే గతి. నలుపు వెలిసినప్పుడల్లా బొగ్గుపొడి, ఆకుపసరు కలిపి పూసి ఎండలో ఆరబెట్టుకునేవారు. ఒక్క పాకలో అయిదు తరగతులు. పెద్ద తరగతి పిల్లవాడు చిన్నవాళ్ల చేత దిద్దిస్తుంటే, పంతులుగారు నాలుగో తరగతికి వాచకం చెప్పేవారు.

పిల్లవాడి ఇంటికి వెంటనే అక్కరకొచ్చిన పాఠం మాత్రం లెక్కలే. కూలి ధాన్యంలో కొలిచేవారు: గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం. రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. ఈ కొలతల ఎక్కాలు వచ్చిన పిల్లవాడు తండ్రి వెంట కళ్లం దగ్గర నిలబడితే, కొలిచేవాడి చెయ్యి కాస్త జాగ్రత్తగా కదిలేది. పాలేరు ఏడాది జీతం, మధ్యలో వాడుకున్న గింజలు, పాత బాకీ, దాని మీద వడ్డీ అన్నీ కామందు చిట్టాలో ఉంటాయి. ఆ చిట్టా కింద వేలిముద్ర వేసే తండ్రికి పైన ఏం రాశారో చదివి చెప్పగల మనిషి ఇంట్లోకి రావడం చిన్న మార్పేమీ కాదు. మిషన్ ఉద్దేశం సంఘం కట్టుకోవడం. వాళ్లు దాన్ని ఎన్నడూ దాచలేదు. తల్లిదండ్రుల ఉద్దేశం ఎక్కువగా ఈ చిట్టా. రెండూ ఒకే పాకలో సర్దుకుని కూర్చున్నాయి.

పగలు రాలేని కుర్రాళ్లకు రాత్రి బడి. పశువుల్ని కట్టేసి, గడ్డివేసి, ఇంత తిని వచ్చేసరికి బాగా పొద్దుపోయేది. లాంతరు చుట్టూ కూర్చుని ఆవలిస్తూనే గుణింతాలు చెప్పేవారు. పగలంతా పాఠాలు చెప్పిన మనిషే మళ్లీ రాత్రీ చెప్పాలి. అదనంగా ముట్టేది ఏమంత ఉండేది కాదు. ఈ చరిత్రలో మిషనరీల పేర్లు, ఫొటోలు పుస్తకాల్లో ఉన్నాయి. ఆ లాంతరు ముందు కూర్చున్న పంతుళ్లలో చాలామంది పేర్లు లేవు. నా దృష్టిలో అసలు బడి వాళ్లే.

వారం చివరికి వచ్చేసరికి చేతిపని. ఆడపిల్లలకు కుట్లు, అల్లికలు. నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో మిషనరీ స్త్రీలు నేర్పిన లేసు అల్లిక తర్వాత వేలాది ఇళ్ల పని అయింది. విదేశాలకు ఎగుమతీ అయింది. అల్లినవాళ్లకు దక్కిన కూలి ఎంత తక్కువో 1982లో మరియా మీస్ రాసిన పుస్తకం ప్రపంచానికి చెప్పింది. చేతికి పని ఇచ్చారు సరే, చేతిపనికి ధర నిలబెట్టే ఏర్పాటు ఎవరూ చెయ్యలేదు. మగపిల్లలకు బడి దొడ్లో పాదులు. 1920ల్లో పంజాబ్‌లోని మోగా మిషన్ స్కూల్లో విలియం మెకీ ఊరి పనుల చుట్టూ పాఠాలు అల్లే పద్ధతి తెచ్చాడు. ఇల్లు కట్టడం మీద ఒక పాఠమైతే అందులోనే కొలతలు, రాత, చిత్రలేఖనం అన్నమాట. దేశంలోని మిషన్ బడులన్నీ ఆ ప్రయోగం వైపు చూశాయి. చేతిపని చుట్టూ చదువు అల్లిన గాంధీజీ వార్ధా విద్యా పథకం వచ్చింది ఆ తర్వాతే, 1937లో.

శనివారం ఒంటిపూట. పిల్లలంతా కలిసి పాక ఊడ్చి, పేడనీళ్లతో అలికేవారు. మర్నాడు అదే గుడి మరి. పంతులుగారే ఉపదేశి కూడా. ఆదివారం పెద్ద పాస్టరు రాని ఊళ్లో ప్రార్థన నడిపేది ఆయనే. సండే స్కూలు పిల్లలకు రంగుల బొమ్మ కార్డులు ఇచ్చేవారు. అమెరికాలో పిల్లలు వాడేసినవి పార్సిళ్లలో వచ్చేవి. ఒకవైపు బొమ్మ, రెండోవైపు ఆ పిల్లలకు తెలియని భాష. వాక్యం తప్పులేకుండా ఒప్పజెప్పినవాళ్లకే కార్డు. ఇంటికెళ్లి దాన్ని అన్నంమెతుకుతో మట్టిగోడకు అంటిస్తే, ఆ ఇంటికి అదే మొదటి పటం. ఆడవాళ్లు రోజూ వంటకు ముందు తీసి దాచిన పిడికెడు బియ్యం తెచ్చి కానుకగా పోసేవారు. సంఘం ఖర్చుల్లో కొంత వాటితోనే గడిచేది.

ఈ వారం ఏడాది పొడవునా ఒకేలా నడిచేది కాదు. ఆషాఢ శ్రావణాల్లో ఊడ్పులు వస్తే బడి సగం ఖాళీ. గోదారి పోటెత్తితే లంకల పిల్లలు అసలు రారు. పాక ఎత్తు మీద ఉంటే ఊరే వచ్చి అందులో తలదాచుకునేది. మాసూళ్లయ్యాక కోతపండగ: వడ్లు, గుమ్మడికాయలు, కోనసీమలోనైతే కొబ్బరి గెలలు, అరటి గెలలు గుడి ముందు పెట్టి వేలం వేసేవారు. మట్టలాదివారం నాడు పిల్లలు ఆకులు పట్టుకుని పల్లె చుట్టూ ఊరేగేవారు. క్రిస్మస్‌కు నెల ముందు నుంచి నాటకం తయారీ. జ్ఞానుల వేషానికి పోటీ ఎక్కువ.

ఒక తప్పునూ చెప్పుకోవాలి. 1890లో రాజమండ్రికి ఆగ్నెస్ షేడ్, కేట్ సాడ్లర్ వచ్చాక ఆడపిల్లల చదువు ఊపందుకుంది. అయితే పైకులాల ఆడపిల్లలకు వేరే బడులు, మిగిలినవారికి వేరే బడులు. కలిపి కూర్చోబెడితే పైకులాల వాళ్లు పిల్లల్ని పంపరని మిషన్ వాదన. ఆ వాదన ఆనాటి లోకరీతికి సరిపోయిందేమో గానీ, వాళ్లే బోధించిన సువార్తకు సరిపోలేదు.

ఈ బడుల నుంచి ఏం వచ్చిందని అడిగేవాళ్లకు ముందు గుర్రం జాషువా పేరు చెప్పాలి. గుంటూరు లూథరన్ మిషన్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో ఆయన దాదాపు పదేళ్లు పంతులుగా పనిచేశారు. ఆయన దగ్గర పాఠం విన్న కుర్రాళ్లు ఇలాంటి పాకబడులకే పంతుళ్లుగా వెళ్లారు. కోనసీమలో మామిడికుదురున 1911లో పుట్టిన బోయి భీమన్న ‘పాలేరు’ నాటకం రాశారు. పశువులు కాసే పాలేరు కుర్రాడు చదువుకుని డిప్యూటీ కలెక్టరయ్యే కథ. ఊరూరా దాన్ని ఆడారు, చూశారు. రాత్రిబడి లాంతరు ఎరిగిన జనానికి ఆ కథ గాలిలో కట్టిన మేడలా కనిపించలేదు.

స్వాతంత్ర్యం తర్వాత ఈ బడుల్లో చాలావరకు ఎయిడెడ్ పాఠశాలలుగా నిలిచాయి. జీతం సర్కారుది, యాజమాన్యం సంఘానిది. పాకలు పెంకుటిళ్లయ్యాయి, డాబాలయ్యాయి. మధ్యాహ్నం భోజనం వచ్చింది. 2024 నుంచి ఆ పథకానికి కోనసీమ ఆడపడుచు, లంకల గన్నవరం డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఇంతలో కొత్త నియామకాలు ఆగాయి, పక్క ఊళ్లో ఇంగ్లీషు మీడియం ప్రైవేటు స్కూలు బస్సు వచ్చింది, పిల్లలు తగ్గారు. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విద్యాచట్టాన్ని సవరిస్తూ ఆర్డినెన్స్ తెచ్చి, ఎయిడెడ్ సిబ్బందిని తీసుకునే ప్రక్రియ మొదలుపెట్టింది. తల్లిదండ్రులు రోడ్డెక్కాక, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే వీలు కల్పించింది. అప్పటికే చాలా బడుల్లో పంతుళ్లు బదిలీ అయ్యారు.

నా దిగులు భవనాల గురించి కాదు, బీరువాల గురించి. ప్రతి పాత బడిలో అడ్మిషన్ రిజిస్టరు ఒకటి ఉంటుంది. పిల్లవాడి పేరు, తండ్రి పేరు, తండ్రి వృత్తి, కులం, పుట్టిన తేదీ, మానేసిన తేదీ, కారణం. పుట్టిన తేదీ గడిలో పేజీల కొద్దీ జులై 1 అనే ఉంటుంది. బిడ్డ ఎప్పుడు పుట్టాడో తల్లి ‘పెద్ద గాలివాన ఏడాది’ అని చెబితే, పంతులుగారు బడి తెరిచే కాలానికి సరిపడేలా వేసిన తేదీ అది. వేలాది కుటుంబాల పేర్లు జనన మరణాల పుస్తకాల కంటే ముందు కాగితం మీదికి ఎక్కింది ఈ గడుల్లోనే. మానేసిన కారణం గడిలో రెండు మూడు మాటలే ఉంటాయి. వాటిని వరసగా చదివితే ఒక పల్లె ఆర్థిక చరిత్ర తెలుస్తుంది. ఇనస్పెక్టర్లు రాసిన తనిఖీ పుస్తకాలు కూడా ఆ పక్కనే.

మూతపడిన బడిలో ఇవి చెదలకు పోతాయి, లేదంటే పాతకాగితాల బండి ఎక్కుతాయి. సంఘాల కార్యాలయాలూ మండల విద్యాధికారులూ తలచుకుంటే వీటిని ఒకచోట చేర్చి ఫొటోలు తీయించడం పెద్ద ఖర్చు పని కాదు. రాజమండ్రిలో 1898 నాటి గౌతమీ గ్రంథాలయం తాళపత్రాల్ని సైతం భద్రపరిచిన చోటు. రిజిస్టర్లకూ అక్కడ ఒక అర ఇవ్వమని అడగవచ్చు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ఊళ్లలో అలాంటి బడిలో చదివిన, చెప్పిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. బీరువా తాళం ఎవరి దగ్గరుందో వాళ్లకు తెలుసు.