గది పోయింది, రోడ్డు మిగిలింది

శాన్‌ఫ్రాన్సిస్కో మార్కెట్ స్ట్రీట్‌లో ఒక్కసారి నడిచొచ్చిన మనవాళ్లు ఎవరైనా అనే మాట ఒకటే. "ఇంత డబ్బున్న ఊళ్లో ఇంతమంది రోడ్డు మీదా!" కారణం కూడా వాళ్లే చెప్పేస్తారు... తాగుడు, డ్రగ్స్, పిచ్చి. కొంచెం చదివినవాళ్లయితే "రీగన్ పిచ్చాసుపత్రులు మూయించాడుగా, అందుకే" అంటారు. నేనూ చాన్నాళ్లు అదే అనుకున్నాను. కానీ తారీఖులు వరసగా పెట్టి చూస్తే ఈ కథలో ఒక బగ్ ఉంది.

అమెరికా ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో 1955లో దాదాపు 5,58,000 మంది ఉండేవాళ్లు. అప్పట్నుంచి తగ్గడం మొదలైంది. కొత్త మందులొచ్చాయి. ఎక్కడికక్కడే చిన్న కేంద్రాలు పెట్టి చూద్దామని 1963లో కెనెడీ చట్టం తెచ్చాడు (అనుకున్నన్ని కట్టలేదు, మామూలే). ఇష్టం లేనివాళ్లని ఆసుపత్రిలో ఉంచడానికి గట్టి షరతులు పెట్టే చట్టం మీద 1967లో కాలిఫోర్నియా గవర్నరుగా రీగన్ సంతకం పెట్టాడు. అంటే ఖాళీ చెయ్యడం చాలావరకు అరవైల్లో, డెబ్భైల్లో అయిపోయింది. రోడ్ల మీద జనం వేలల్లో కనపడ్డం ఎనభైల్లో. మరి మధ్యలో వాళ్లంతా ఎక్కడున్నట్టు?

కొందరు ఇళ్లకెళ్లారు, కొందరు వృద్ధాశ్రమాల్లాంటి చోట్లకెళ్లారు. దిక్కులేనివాళ్లు చాలామంది ఊరి మధ్య ఉండే చవక హోటళ్లలో చేరారు. ఒక గది, ఒక మంచం, వరండా చివర అందరికీ కలిపి ఒక బాత్రూము, వారానికో నెలకో అద్దె. మన అమీర్‌పేట బ్యాచిలర్ రూములు గుర్తొచ్చాయి నాకు. ముసలి కూలీలు, పెన్షన్ మీద బతికేవాళ్లు, ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్లు, అందరికీ అవే ఇల్లు. ఊరు బాగుచేస్తామంటూ నగరాలు వాటి మీదే పడ్డాయి. అలాంటివి కొత్తగా కట్టకూడదని న్యూయార్క్ 1955లోనే అంది. ఉన్నవాటిని మంచి అపార్ట్‌మెంట్లుగా మార్చుకునే ఓనర్లకి డెబ్భైల్లో పన్ను రాయితీ కూడా ఇచ్చింది!

శాన్‌ఫ్రాన్సిస్కో కెర్నీ స్ట్రీట్‌లోని ఇంటర్నేషనల్ హోటల్ కథ తెలిస్తే ఇది బాగా అర్థమవుతుంది. అందులో ఉండేది ఎక్కువగా ఫిలిప్పీన్స్ నుంచీ, చైనా నుంచీ వచ్చిన ముసలివాళ్లు. ఫిలిపినోలు 1920ల్లో, 30ల్లో పొలం పనులకీ వంటిళ్లలో పనులకీ వచ్చినవాళ్లు. వాళ్లతో ఆడవాళ్లు వచ్చింది తక్కువ. తెల్లవాళ్లని పెళ్లి చేసుకుందామా అంటే అది కుదరదని 1933లో కాలిఫోర్నియా చట్టమే మార్చింది, 1948లో కోర్టు కొట్టేసేదాకా అది నడిచింది. పెళ్లాం పిల్లలు లేకపోవడం వాళ్ల తలరాత కాదు, వాళ్లకి రాసిపెట్టిన చట్టం. 1968లో వాళ్లకి ఖాళీ చెయ్యమని నోటీసులిచ్చారు... పార్కింగ్ కోసం! తొమ్మిదేళ్లు పోట్లాడారు. ఖాళీ చేయించనన్నందుకు షెరీఫ్ హాంగిస్టో ఐదు రోజులు జైల్లో కూర్చున్నాడు. చివరికి 1977 ఆగస్టు 4న, తెల్లారకముందే, దాదాపు 3000 మంది చేతులు కలిపి అడ్డం నిలబడినా పోలీసులు లోపలికి వెళ్లారు. సమ్మెట పట్టుకుని తలుపులు బద్దలుకొట్టినవాడు ఆ హాంగిస్టోనే. తర్వాత బిల్డింగు కూల్చేశారు. ఇంత చేసి ఆ స్థలాన్ని రెండు దశాబ్దాలకి పైగా ఖాళీగా వదిలేశారు. 2005లో గానీ అక్కడ ముసలివాళ్ల కోసం మళ్లీ ఇళ్లు రాలేదు.

డ్రగ్స్ సంగతేంటి అంటారా? అవి కారణం కాదని అనను. కానీ డ్రగ్స్ చావుల్లో ముందుండే వెస్ట్ వర్జీనియాలో ఇల్లు లేనివాళ్లు జనాభాతో పోలిస్తే తక్కువ. అక్కడ అద్దెలు తక్కువ. కాలిఫోర్నియాలో అద్దె పెరిగినప్పుడల్లా ముందు జారేది ఒంటరి ముసలివాళ్లు, జబ్బు మనుషులు. 2023లో శాన్‌ఫ్రాన్సిస్కో మెడికల్ యూనివర్సిటీ వాళ్లు బయటపెట్టిన సర్వేలో, కుటుంబం లేకుండా ఒంటరిగా ఉన్నవాళ్లలో దాదాపు సగం మంది యాభై దాటినవాళ్లే. ఇల్లు పోయేముందు ఆర్నెల్లలో సర్వేలో ఉన్నవాళ్ల నెల ఆదాయం, మధ్యస్థంగా, 960 డాలర్లు. అదే ఊళ్లో మనం స్టాక్ ఆప్షన్లు చూసుకుని ఎంత అద్దెకైనా సరే అని సంతకం పెట్టేస్తాం. ఆ లెక్కలో మనమూ ఉన్నాం.

మిగిలిన చవక హోటళ్లని ఇష్టమొచ్చినట్టు మార్చకుండా శాన్‌ఫ్రాన్సిస్కో 1981లో ఒక చట్టం చేసింది. టెండర్‌లాయిన్‌లో ఇప్పటికీ కనపడే పాత హోటల్ బోర్డులు చాలావరకు ఆ చట్టం పుణ్యమా అని మిగిలినవే.