తెలుగు రాష్ట్రాలలో వికలాంగుల పింఛన్లు: మూల్యాంకన ప్రమాణాల చరిత్ర

వికలాంగుల సంక్షేమ పథకాల ఫలితాలను అంచనా వేయడానికి ప్రభుత్వాలు చిరకాలం ఆశ్రయించిన కొలమానం లబ్ధిదారుల సంఖ్య. ఎందరికి పింఛను అందింది, ఎన్ని మూడు చక్రాల బండ్లు పంచారు అన్న లెక్కలే సాఫల్యానికి నిదర్శనాలయ్యాయి. ఆ సహాయం వారి జీవనాన్ని ఎంత మార్చిందన్న ప్రశ్న ఆలస్యంగా చర్చకు వచ్చింది.

1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించి, 40 శాతాన్ని కనీస హద్దుగా నిర్ణయించింది. శాతాన్ని నిర్ధారించేది వైద్యులు; అది శరీర లోపానికి కొలత, అవసరానికి కాదు. 60 శాతం వైకల్యం గల పట్టణ గుమాస్తాకూ, అదే శాతం గల మెట్టప్రాంత వ్యవసాయ కూలీకీ నడుమ ఉన్న అంతరం ధ్రువపత్రంలో కనిపించదు. 2009లో కేంద్రం ప్రవేశపెట్టిన జాతీయ పింఛను ఈ హద్దును 80 శాతానికి పెంచి, దారిద్ర్యరేఖ నిబంధననూ జోడించింది. 2012లో 300 రూపాయలైన ఆ మొత్తం అక్కడే నిలిచిపోయింది. ఈలోగా వికలాంగులు అధికార భాషలో దివ్యాంగులయ్యారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రూపొందిన ‘సదరం’ విధానం ధ్రువీకరణను కంప్యూటరీకరించింది. దాని పూర్తి పేరులో పునరావాసం, సాధికారత అనే మాటలు ఉన్నా, ఆచరణలో అది ప్రధానంగా పింఛను అర్హతను తేల్చే సాధనంగా స్థిరపడింది. నకిలీ పత్రాలను అరికట్టడంలో దాని ఉపయోగాన్ని కాదనలేము. అయితే అనర్హుల ఏరివేతపై చూపిన శ్రద్ధ, శిబిరానికి చేరలేక మిగిలిపోయిన అర్హులపై కనబడదు.

తెలంగాణలో 2014లో 1,500గా ఉన్న ఆసరా పింఛను 2019లో 3,016కు, 2023లో 4,016కు చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో అది 6,000 అయింది. వికలాంగులకు ఇతరులకన్నా కనీసం 25 శాతం అధికంగా సాయమందాలన్న 2016 చట్టం 24వ సెక్షన్‌ను ఈ మొత్తాలు సంతృప్తిపరుస్తున్నాయి. అదే చట్టం 38వ సెక్షన్ అధిక సహాయం అవసరమైనవారిని ప్రత్యేక మండలి ద్వారా మదింపు చేయాలంటుంది. పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి ఆంధ్రప్రదేశ్ ఇస్తున్న 15,000 రూపాయలు ఈ ఆలోచనకు చేరువైనవే. కానీ అక్కడా అర్హతను తేల్చేది వైద్య పరీక్షే. రోగిని కనిపెట్టుకొని ఉండేందుకు కూలి మానుకున్న తల్లి నష్టానికి ఆ పత్రంలో గడి లేదు.