నలభై నిమిషాల చాప

మా పెదకూరపాడు కుర్రాడు, నా దగ్గరే డిగ్రీ చదువుతున్నాడు. ఫోన్లో మెరీనా అబ్రమోవిచ్ వీడియోలు చూశాడు. 2010లో న్యూయార్క్ మ్యూజియంలో కుర్చీలో కూర్చుని, ఎదుట ఎవరు కూర్చున్నా మౌనంగా చూస్తూ ఉండిపోయిందామె. "ఇట్టాంటివి మన దగ్గర ఎక్కడున్నయ్ మేడమ్?" అన్నాడు.

కారంపూడి పొమ్మన్నాను.

అక్కడ కార్తీక అమావాస్యకు మొదలై ఐదు రోజులు పల్నాటి వీరుల తిరునాళ్ల. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. మందపోరునాడే చాపకూడు. బ్రహ్మనాయుడి పేరు చెప్పి అన్ని కులాలూ కలిసి తినే కూడు. ఆ కథ పాడే వీరవిద్యావంతులు మాలలు. మాల కన్నమదాసు కూడా ఆ గొంతుల్లోనే బతికున్నాడు. సాహిత్య చరిత్రలో మాత్రం పల్నాటి కథంటే శ్రీనాథుడే (నేనూ పీహెచ్‌డీ దాకా అదే అప్పజెప్పాను లెండి). 1982లో జీన్ రోగైర్ ఇంగ్లీషులో వేసిన పుస్తకానికి ఆధారం అలిసెట్టి గాలెయ్య పాడిన పాట. ఆ పేరు నాకు ఏ క్లాసులోనూ వినపడలేదు.

కుర్రాడు తిరిగొచ్చి మా ఊరి సెంటర్లో చాప పరిచాడు. అన్నం గిన్నె, రెండు విస్తళ్లు. ఫోన్ నిలబెట్టి కూర్చున్నాడు. నలభై నిమిషాల వీడియో. జనం ఆగారు, చూశారు, ఎవరబ్బాయని అడిగారు, వెళ్లారు. రెండో విస్తరి అట్టాగే ఉంది.

"ఫెయిలైనట్టేనా మేడమ్?"

"ఒక్క నిమిషం కూడా కట్ చేయకు" అన్నాను.