సంఖ్యయు నుత్తరవాదిత్వమును: బొల్లారము సైన్యపు లెక్కల చరిత్రము

సంఖ్య యను పదమును మనము నిత్యమును వాడుచున్నను దాని ధాత్వర్థమును దలఁచువారు తక్కువ. ధాతుపాఠమున ఖ్యా ధాతువునకుఁ బ్రకథన మర్థము. అనఁగా వెల్లడిగాఁ జెప్పుట. ‘సమ్’ అను నుపసర్గము ముందు నిలువఁగా లెస్సగాఁ జెప్పఁబడునది సంఖ్య యగుచున్నది. ఆఖ్య, వ్యాఖ్య, ప్రఖ్యాతి యను పదములు దీనికిఁ దోఁబుట్టువులు. రూఢిచేత నిది గణనమును మాత్రమే బోధించుచున్నదని పండితు లాక్షేపింపవచ్చును. శబ్దవ్యవహారమున నా యాక్షేపము సరియే. కాని ప్రభుత్వధనముయొక్క యాయవ్యయముల చరిత్రమును బరిశీలించినచో నచ్చట రూఢ్యర్థముకంటె యోగార్థమే ప్రధానమని తోఁచును. అడుగ నధికారము గలవానికిఁ జెప్పఁబడని లెక్క లెక్క కాదు. దీనిని మన ప్రాంతపు టుదాహరణముతో నిరూపించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

పూర్వు లీ విషయము నెఱుఁగనివారు కారు. 1909వ సంవత్సరమున శామశాస్త్రిగారు మైసూరునఁ బ్రకటించిన కౌటిలీయార్థశాస్త్రమున ద్వితీయాధికరణము లెక్కల విధానమును సవిస్తరముగాఁ జెప్పుచున్నది. ఆషాఢమాసమున గణకులు ముద్ర వేసిన పుస్తకములతో రావలయును. వచ్చినవారు తమలోఁ దాము మాటలాడుకొనకుండ నిరోధింపవలయును. మహామాత్రు లందఱును గలసి పూర్వాపరవిరోధము లేకుండఁ దమ లెక్కలను వినిపింపవలయును. ఉద్యోగులు రాజధనము నపహరించు విధములు నలువది యని యాచార్యుఁడు పరిగణించెను. మహామాత్రుల విషయమున వాడఁబడిన క్రియ శ్రు ధాతువునకుఁ బ్రేరణరూపము. లెక్కను వ్రాసి పెట్టుటతో సరిపోదు, వినిపింపవలె నని దాని భావము. అయితే యచ్చట వినువాఁడు రాజు. పన్ను చెల్లించినవాఁడు కాఁడు. కాకతి గణపతిదేవుఁడు 1244వ సంవత్సరమున మోటుపల్లి యభయశాసనమున సముద్రవర్తకులవలనఁ దాను బుచ్చుకొను సుంక మింత యని ఱాతిపైఁ జెక్కించి ప్రకటించెను. ఆయము నిట్లు వెల్లడించిన ప్రభువులు గలరు గాని, వ్యయమును వెల్లడింపవలె నను నాచారము నాఁడు లేదు.

ఇఁక మన యుదాహరణమునకు వత్తము. సికిందరాబాదునకు నుత్తరమున అల్వాలును, దాని నానుకొని బొల్లారమును గలవు. నేఁడు రాష్ట్రపతినిలయ మనఁబడు బొల్లారపు భవనము పూర్వము బ్రిటిషు రెసిడెంటు నివాసము. ఈ బొల్లారమే ‘హైదరాబాదు కంటింజెంటు’ అను సైన్యమునకుఁ బ్రధానస్థానముగా నుండెను. చదువరులు దీనిని సికిందరాబాదునందలి సహాయసైన్యముతోఁ గలపరాదు. 1800వ సంవత్సరపు సంధినిబట్టి సహాయసైన్యపు వ్యయమునకై నిజాము దత్తమండలములను గంపెనీ కిచ్చివేసెను. యుద్ధ మేర్పడినపుడు తన బలమునుండి 6,000 కాల్బలమును, 9,000 గుఱ్ఱపుదళమును బంపుటకుఁ గూడ నొప్పుకొనెను. శాంతికాలమున వేఱొక సైన్యమును బోషింపవలె నను నియమ మా సంధిలో లేదు.

అయినను 1811 మొదలు 1820 వఱకు రెసిడెంటుగా నుండిన హెన్రీ రస్సెలు, బ్రిటిషు నాయకులక్రింద ‘రస్సెలు బ్రిగేడు’ అను దళమును నిలిపెను. అదియే క్రమముగాఁ బెరిగి కంటింజె టయ్యెను. జీతము నిజాముది, ఆజ్ఞ రెసిడెంటుది. దాని వ్యయము సాలునకు సుమారు 40 లక్షల రూపాయలవఱకుఁ బెరిగెను. సొమ్ము చాలక పేష్కారు చందూలాలు 1814వ సంవత్సరమున స్థాపింపఁబడిన విలియం పామరు కంపెనీవలన నధికవడ్డికి ఋణములు తెచ్చెను. స్వదేశరాజులకు నైరోపీయులు ఋణ మీయరాదని చట్ట ముండఁగా, 1816లో గవర్నరు జనరలు హేస్టింగ్సుప్రభువు ఆ కంపెనీకి మినహాయింపు నిచ్చెను. 1820లో 60 లక్షల ఋణ మొకటి మంజూరయ్యెను. ఆ సంవత్సరమే రెసిడెంటుగా వచ్చిన మెట్కాఫు విచారింపఁగా, అందు 8 లక్షలు కంపెనీ భాగస్వాములకు లాభముగాఁ గట్టిన మొత్తమనియుఁ, దక్కినదానఁ జాలభాగము పాతఋణములకుఁ బెట్టిన క్రొత్తపేరే యనియుఁ దేలెను.

ఈ ఋణమును దీర్చుటకు 1823లో జరిగిన యేర్పాటు తెలుఁగువారికి మిక్కిలి స్మరణీయము. ఉత్తరసర్కారులకై కంపెనీ నిజామునకు నేఁటేఁట 7 లక్షల పేష్కషు చెల్లింపవలసియుండెను. దానికి బదులుగా 1,16,66,666 రూపాయల నొక్కమాఱుగాఁ దీసికొని నిజాము ఆ హక్కును విడిచెను. ఏడు లక్షలచే భాగించినచో నిది పదునాఱేండ్ల యెనిమిది నెలల మొత్తము మాత్రమే. శాశ్వతమైన రాబడి యింత స్వల్పకాలపు మూల్యమునకుఁ బోయెను. అనఁగా సికిందరాబాదు సైన్యమునకు దత్తమండలములును, బొల్లారము సైన్యమువలన నేర్పడిన ఋణమునకు సర్కారుల పేష్కషును వ్యయమయ్యెను.

దీని కంతటికిఁ బరప్రభుత్వమే కారణ మనుట యర్ధసత్యము. హైదరాబాదులో నాఁడు లెక్కలు ప్రభుత్వముచేతిలో లేవు. దఫ్తరె దివానీ, దఫ్తరె మాల్ అను రెండు దఫ్తరులు రెండు కుటుంబములకు వంశపారంపర్యముగా సంక్రమించుచుండెను. మహారాష్ట్రసీమల లెక్కలు మొదటిదానను, తెలంగాణపు లెక్కలు రెండవదానను నుండెడివి. రెండవదాని యధిపతులకు ‘మాల్‌వాలా’ యనునదే యింటిపేరుగా నిలిచెను. తాలూకాలు గుత్తకుఁ బోవుచుండెను. గుత్తదారు చెప్పినదే రాబడి. తన యాయమును దా నెఱుఁగని ప్రభుత్వ మెదుటివాఁడు చూపిన వ్యయము నెట్లు ప్రశ్నింపఁగలదు?

ఋణము మరల మరలఁ బెరుగఁగా 1853వ సంవత్సరము మే 21వ తేదీని డల్హౌసీప్రభువు కాలమున సంధి జరిగెను. కంటింజెంటును శాంతికాలమునఁ బోషించుటకు నిజాము సంధిచే బద్ధుఁడు కాఁడని డల్హౌసీయే యంగీకరించియుండెను. అయినను బేరారు, ధారాశివము, రాయచూరు అంతర్వేది యా సైన్యపు వ్యయమునకై కంపెనీ పాలనలోనికిఁ బోయెను. అయితే యా సంధిలో నొక మంచి నిబంధన గలదు. ఆ జిల్లాల యాయవ్యయముల లెక్కను బ్రతిసంవత్సరము నిజామునకుఁ జూపి మిగులును జెల్లింపవలయును. ఆ మాసాంతముననే దివానైన సాలార్జంగు లెక్కల విలువ నెఱిఁగినవాఁడు. దఫ్తరులను బ్రభుత్వాధీనము చేసి, గుత్తలను దొలఁగించి, 1865లో జిలాబందీ నేర్పఱచెను. సికిందరాబాదు, జాల్నా దండుపేటల ఆబ్కారీ రాబడిని గంపెనీ తీసికొనుచుండె ననియు, దానిని జమకట్టినచో 1853 నాఁటి ఋణము చాలవఱకుఁ దీఱియుండెడి దనియు హైదరాబాదు పక్షమువారు వాదించిరి. ఈ వాదము పుట్టుటకు లెక్కయే యాధారము.

1860వ సంవత్సరము డిసెంబరులో మఱియొక సంధి జరిగెను. 1857 నాఁటి సాహాయ్యమునకుఁ బ్రతిఫలముగా ధారాశివము, రాయచూరు అంతర్వేది తిరిగి వచ్చెను, సురపురము లభించెను, సుమారు 50 లక్షల ఋణము రద్దయ్యెను. వీనికిఁ బ్రతిగా నిజాము బేరారు లెక్కల నడుగు హక్కును విడిచెను. భూత వర్తమాన భవిష్యత్తులు మూఁడింటికిని సంబంధించిన లెక్కల నడుగ ననుటయే యా నిబంధన. వైయాకరణుఁడు దశలకారములను విభజించి మూఁడు కాలములను నిరూపించును. ఈ సంధిపత్రము వానిని మూఁటి నొక్క వాక్యమునఁ ద్రోసిపుచ్చినది.

మిగులు చెల్లింపుమని మాత్రము సంధిలో నిలిచియుండెనుగదా, నష్ట మేమి యని యడుగవచ్చును. మిగు లనఁగా ఆయమునుండి వ్యయమును దీసివేయఁగా వచ్చు శేషము. వ్యయ మింతయేల యని యడుగ నధికారము లేనివానికి శేష మెంత యని నిర్ణయించువాఁడు వ్యయము చేసినవాఁడే. పాలనావ్యయ మధికమైనచో మిగులు తానే తఱుఁగును. సాలార్జంగు 1866 మొదలు బేరారును మరలఁ గోరి, 1876లో లండనువఱకుఁ బోయి వచ్చినను ఫలింపలేదు. 1902లో కర్జనుప్రభువు కాలమున సాలునకు 25 లక్షలకు బేరారు శాశ్వతపుఁ గౌలునకుఁ బోయెను. మఱుసటి యేఁట కంటింజెంటు భారతసైన్యమునఁ గలసిపోయెను. ఏ సైన్యమునకై సీమ పోయెనో యా సైన్యము పోయినను సీమ తిరిగి రాలేదు. 50 లక్షల ఋణము లెక్కకు వచ్చు వస్తువు. ప్రశ్నించు హక్కు లెక్కకు రానిది. లెక్కకు వచ్చుదానికై రానిదాని నిచ్చుటయే యీ చరిత్రమునందలి ముఖ్యమైన పొరపాటు.

1950లో నమలులోనికి వచ్చిన రాజ్యాంగము 148 మొదలు 151 వఱకుఁ గల యధికరణములచేఁ గంప్ట్రోలరు ఆడిటరు జనరలు నివేదికలను శాసనసభలముందు నుంచవలె నని విధించినది. 2005వ సంవత్సరపు సమాచారహక్కు చట్టము సామాన్యునికిఁ బ్రశ్నించు నధికార మొసఁగినది. ఆ యేఁటి గ్రామీణోపాధిచట్టము గ్రామసభలలో సామాజికతనిఖీని విధింపఁగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2006 మొదలు మస్టరుపట్టీలను గ్రామస్థులయెదుటఁ జదివి వినిపించుట జరిగెను. 2009లో దీనికై ప్రత్యేకసంస్థ యేర్పడెను. కౌటిల్యుని క్రియ యదియే. వినువాఁడు మాత్రము మాఱెను. పూర్వము రాజు వినెను. ఇపుడు పలుఁగు పట్టిన కూలి వినుచు, తన పేరఁ జూపిన కూలి తనకు ముట్టలేదని లేచి చెప్పఁగలుగుచున్నాఁడు.

పట్టణములకు సయితమీ వివేచన మావశ్యకము. అల్వాలు ప్రత్యేకపురపాలకసంఘముగా నుండి, 2007 ఏప్రిలు 16వ తేదీని మఱి పదునొకండు పురములతోను, ఎనిమిది గ్రామపంచాయతులతోను మహానగరపాలకసంస్థలోఁ గలసెను. చిన్న మొత్తము పెద్ద మొత్తమునఁ గలసినపుడు కూడిక తప్పు కాకపోవచ్చును. కాని తన వీథికి వ్యయమైన దెంతయో పౌరునికిఁ గనఁబడదు. కావున విడివిడిగాఁ జూపుమని యడుగుట విరోధము కాదు, ధర్మము. బడులలో సంకలన వ్యవకలనములను నేర్పు పండితులు తమ గ్రామపు జమాఖర్చులనే యుదాహరణములుగాఁ గైకొన్నచో బాలురకు గణితముతోఁబాటు పౌరధర్మమును నబ్బును. అడుగ నేర్చినవాని యెదుటనే యంకె సంఖ్య యగును.