వంత

‘వాడేమంటే వీడు దానికి వంత పాడతాడు’ అన్నామంటే అది తిట్టే. తాన అంటే తందాన అనడం, గంగిరెద్దులా తలూపడం కూడా అంతే. వినేవాడి స్పందనను చెప్పే తెలుగు పలుకుబళ్లలో చాలావాటికి ఈ గతి పట్టింది. సొంత బుద్ధి లేనివాడి మీద వేసే ముద్రలయ్యాయి. మిగతావాటి సంగతేమో గానీ, ‘వంత’కు జరిగింది అన్యాయమని నా నమ్మకం.

అది బతికిన చోటు బుర్రకథ. నడుమ తంబురా పట్టిన కథకుడు, అటూ ఇటూ డక్కీలు వాయిస్తూ ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. ‘తందాన తాన’ అని పల్లవి అందుకోవడం వాళ్ల పనిలో కొంతే. కథ పల్నాటిదైనా బొబ్బిలిదైనా, రాజకీయం చెప్పే వంత ఇవాళ్టి సంగతిని అందులోకి లాక్కొస్తాడు. హాస్యం చెప్పేవాడు జనం నోటిదాకా వచ్చి ఆగిన అనుమానాన్ని పైకి అనేస్తాడు. కథకుడు ఆగి, బదులు చెప్పి, అప్పుడు ముందుకు కదలాలి. షేక్ నాజర్ లాంటి కళాకారులు, ప్రజానాట్యమండలి దళాలు ఈ కళను ఊరూరా తిప్పిన రోజుల్లో అటు మద్రాసు ప్రభుత్వం, ఇటు నిజాం ప్రభుత్వం బుర్రకథను నిషేధించాయి. ఉత్త తలూపుడే అయితే ఏ సర్కారు భయపడుతుంది?

ఇద్దరు నవలాకారులు వేదిక మీద మాట్లాడుకునే సభలు చూసినప్పుడల్లా నాకు ఈ మాటే గుర్తొస్తుంది. 2014 మార్చిలో న్యూయార్క్ హార్లెమ్‌లోని షోంబర్గ్ కేంద్రంలో చిమమాండా ఎన్‌గోజి అడీచీ, జేడీ స్మిత్ కూర్చుని మాట్లాడుకున్నారు. నల్లజాతి చరిత్రకు, సాహిత్యానికి నిలయమైన గ్రంథాలయం అది. కవి లాంగ్‌స్టన్ హ్యూస్ అస్థికలు ఆ భవనంలోనే, నడవ నేల కింద ఉన్నాయి. అడీచీ నైజీరియాలో పుట్టి పెరిగి, చదువుకోసం అమెరికా వెళ్లిన మనిషి. స్మిత్ లండన్ బిడ్డ, తల్లిది జమైకా. ఆనాటి మాటలకు కేంద్రం అడీచీ నవల ‘అమెరికానా’. ఆఫ్రికాలో ఉన్నంతకాలం తన రంగును తలుచుకోవలసిన అవసరమే లేని పిల్ల, అమెరికాలో దిగాక ‘నల్లమనిషి’గా మారడం ఆ నవలకు ఆయువుపట్టు. స్మిత్ ఉత్తుత్తి పొగడ్తలతో సరిపెట్టలేదు. తన అనుభవాన్ని పక్కన పెట్టి చూపుతూ, అడుగుతూ, నవ్వుతూ సాగింది. నా లెక్కలో అసలైన వంత అదే.

మరి ఎదురుగా కూర్చున్న జనం? వాళ్ల నవ్వులను ఒట్టి మెచ్చుకోలుగా లెక్కగడితే పొరపాటు. ఆఫ్రికన్ అమెరికన్ చర్చిల్లో ప్రసంగించే పాస్టర్ ఒక మాట అంటే జనం వెంటనే ‘ఆమెన్’ అనో, ‘చెప్పు, చెప్పు’ అనో అందుకుంటారు. ఆ బదులు లేకపోతే ప్రసంగం నడవదు. పిలుపు, బదులు అనే ఆ సంప్రదాయంలో పెరిగిన చెవులకు మౌనంగా వినడమే మర్యాద కాదు. అమెరికాలో తరతరాలుగా నల్లవాళ్లుగా బతికినవాళ్లకు, నిన్నగాక మొన్న ఆ పేరు తగిలించుకున్నవాళ్లకు ఒకే వాక్యం రెండు రకాలుగా తగులుతుంది. ఒకరి నవ్వు ‘ఇది నా సంగతే’ అంటే, మరొకరి నవ్వు ‘మా గురించి ఇలా అనుకుంటున్నారా?’ అని అడగవచ్చు. రెండూ వంతలే. రెండోది మరీ విలువైనది.

ప్రేక్షకుల స్పందనను లెక్కలోకి తీసుకోవడం మనకు కొత్త విషయమేమీ కాదు. నాట్యశాస్త్రం 27వ అధ్యాయంలో భరతుడు ప్రదర్శన ఫలించిందని గుర్తుపట్టే పద్ధతి చెప్పి, దానికి ‘సిద్ధి’ అని పేరు పెట్టాడు. చిరునవ్వు, పెద్ద నవ్వు, ‘సాధు’ అనడం, ‘అయ్యో’ అనడం, ఒళ్లు పులకరించడం, ఆసనం మీంచి లేవడం, ఇవన్నీ మానుష సిద్ధిలోకి వస్తాయి. రంగస్థలం నిండి ఉండి, చప్పుడు గానీ అలజడి గానీ లేకపోతే అది దైవిక సిద్ధి. ఆ నిశ్శబ్దానికి ఆయన పెద్దపీట వేశాడు. నాకు మాత్రం ‘అయ్యో’ అన్న ప్రేక్షకుడి మీదే మమకారం ఎక్కువ. పాత కావ్యాల్లో ‘వంత’ అంటే దుఃఖం అనే అర్థం కూడా ఉంది. ఒకరి కథకు గొంతు కలపడానికీ, ఒకరి బాధను తనదిగా పడటానికీ తెలుగులో ఒకే రూపం దొరకడం నాకెంతో ఇష్టం.

పక్కనే ‘వంతు’ ఉంది. పాలు అనీ, మారి మారి వచ్చే తరుణం అనీ దాని అర్థాలు. రెండు మాటలనూ ఒకే వేరుకు ముడిపెట్టను. కానీ వినేవాడికి కథలో పాలుందన్న సంగతిని ఈ రెండూ కలిసి చెబుతాయి.

మన పుస్తకావిష్కరణ సభల్లో ఆ పాలే కరువు. అతిథుల ప్రసంగాలు, శాలువాలు, జ్ఞాపికలు అయ్యేసరికి రాత్రవుతుంది. ‘సమయాభావం వల్ల ప్రశ్నలకు అవకాశం లేదు’ అని మైకులో చెప్పేస్తారు. రచయిత ముందుకు వచ్చి నిలబడటానికి సిద్ధంగా ఉన్నా, పుస్తకం చదివి వచ్చిన పాఠకురాలు చేతిలో గుర్తులు పెట్టుకున్న పేజీలతో ఇంటికి వెళ్లిపోతుంది.

నిర్వాహకులకు ఒక్కటే మనవి. వక్తల జాబితాలో ఇద్దరిని తగ్గించండి. ఆ అరగంటా సభలో కూర్చున్నవాళ్లకివ్వండి. అడగవలసిందీ, కాదనవలసిందీ వాళ్లే అంటారు.